ఎడమ చెంప

ఫొటో ఎలా ఉండాలో కెమెరాలే తేల్చడం మొదలయ్యాక, ఎవరి ముఖమూ వాళ్ల ఇష్టప్రకారం పడడం లేదు. అనకాపల్లి స్టూడియోలో కెమెరా పైడమ్మను మళ్లీ పక్కకు తిరగమంది.

"ఎడమ చెంప నీడలో ఉంటే బాగుంటుందండీ."

బెల్లం పాకం చింది కాలిన మచ్చ ఆ చెంప మీదే ఉంది. పాకం పెనాలకు అడ్డురేకులు పెట్టించాలని పైడమ్మ గానుగ కూలీల సంఘం ఎన్నికల్లో నిలబడింది. ఈ ఫొటో పోస్టరు కోసమే.

"నాను ఎదురుగానే కూకుంటాను. తియ్యి!"

కెమెరా తీయలేదు.

"కాస్త పక్కకి తిరుగు పిన్నీ," అన్నాడు స్టూడియో నడిపే సూరిబాబు. "ముఖంలో బాగున్న వైపే తీస్తాదది. ఊళ్లో కెమెరాలన్నీ ఇంతే."

"మచ్చ దాసేసి, ఏ మొకం పెట్టుకుని ఓట్లడగమంటావురా?"

పైడమ్మ కొంగు లాగి కుడి చెంపనూ కుడి కంటినీ కప్పేసింది. ఇక కెమెరాకు మిగిలింది కాలిన చెంపే. అది కాసేపు తడబడి, అటూ ఇటూ జరిగి, చివరికి ఆ మచ్చనే ఫ్రేము నడిమధ్యకు తెచ్చుకుంది. లైట్లన్నీ దాని మీదికే తిప్పి క్లిక్‌మంది.

"చాలా అందంగా వచ్చిందండీ!"

"నాకెరికే," అంది పైడమ్మ. "సూరీ, గోడంత పెద్దది కొట్టించు."