శుక్రవారం అంకుల్

ప్రీతమ్ విసిరిన బంతి టైరుకి తగల్లేదు. అవతల సిమెంటు బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కాళ్ళ దగ్గరకు దొర్లింది.

ఆయన ఎడమ చేత్తో దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది బాలేనా బిడ్డా? కొబ్బరికాయ లెక్కున్నది."

"ఫ్లాగ్ ఫుట్‌బాల్ అంకుల్. చేత్తో ఆడతారు. ఇటివ్వండి," అన్నాడు ప్రీతమ్ విసుగ్గా.

విసుగుకి కారణం ఉంది. గల్ఫ్‌లో, అల్ ఖౌద్‌లోని ఓ ప్రైవేటు కాలేజీ జట్టుకి అతను క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి అందుకుని, పరిగెత్తే తనవాళ్ళలో ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చాల్సినవాడు. పోయిన సీజన్‌లో ఆ బంతిని పదకొండు సార్లు తీసుకెళ్ళి ఎదుటి జట్టు చేతుల్లోనే పెట్టాడు. స్నేహితులు ముద్దుగా 'హోమ్ డెలివరీ' అని పేరు పెట్టారు.

"అక్టోబర్‌లో మొదటి మ్యాచ్ దాకా చూస్తాను. మారితే సరే, లేదంటే బెంచీ," అన్నాడు కోచ్ జావెద్.

సెలవుల్లో జట్టంతా ఎవరి దారిన వాళ్ళు పోయారు. పంతొమ్మిదేళ్ళ ప్రీతమ్ మాత్రం శుక్రవారం సాయంత్రాలు, ఎండ కాస్త చల్లబడ్డాక, ఖాళీ మైదానంలో వేలాడదీసిన టైరుతో కుస్తీ పడుతున్నాడు.

తరవాతి శుక్రవారం కూడా పెద్దాయన అదే బెంచీ మీద ఉన్నాడు.

"ఏంటంకుల్, అలా చూస్తున్నారు?"

"ఏమనుకోకు బిడ్డా. బంతి చేతికి రాంగనే నీకు బుగులైతంది. ఎప్పుడు వదిలించుకుందామా అని జూస్తున్నవ్."

ప్రీతమ్‌కి ఒళ్ళు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది.

"మీరెప్పుడైనా ఈ ఆట ఆడారా?"

"ఆటలెక్కడియి? ఇటుకలు ఇసిరిన. ఇరవై ఏండ్లు. కింద నేను, పైన ఇంకొకడు. ఒక్కటి తప్పినా ఎవని నెత్తో పగుల్తది."

"అయితే?"

"ఇటుకను జూడొద్దు. పైనోని అడుగు జూడాలె. అడుగు ఎటు పడితే చెయ్యి అటు పోతది. చెయ్యి ఉన్నకాడికి గాదు, పొయ్యేకాడికి ఇసరాలె. టైరుకు కాళ్ళే లెవ్వు, అది నీకేం నేర్పుతది? నేను ఉరుకుత. ఇసురు."

ప్రీతమ్‌కి నవ్వొచ్చింది. ఆయనకి యాభై దాటి ఉంటాయి. కుడి భుజం పైకి లేవదు. ఎడమ చేత్తో అందుకుని పొట్టకి అదుముకుంటాడు. మొదటిరోజు పది బంతుల్లో రెండే పట్టగలిగాడు. మిగతా ఎనిమిదీ ఆయనే పరిగెత్తి ఏరుకొచ్చాడు.

"భుజం ఖరాబైనంక కంపెనీల గోడౌన్ డ్యూటీ ఇచ్చిన్రు. రుసైల్‌ల. శుక్కురారం సెలవు," అన్నాడు.

పాపం రూమ్‌లో తోచక వస్తున్నాడు, పెద్దాయనకి నేనో కాలక్షేపం అనుకున్నాడు ప్రీతమ్. అప్పుడప్పుడూ తన సీసాలో నీళ్ళిచ్చేవాడు. అదే పెద్ద ఉపకారం అనుకునేవాడు.

జూలై గడిచింది. ఆగస్టు గడిచింది. పదికి ఏడు ఆయన చేతిలో పడుతున్నాయి.

"ఆగు... ఆగు... అడుగు జూడు... ఆఁ, ఇప్పుడిడువు!"

సెప్టెంబర్ చివరి శుక్రవారం పదికి పదీ పడ్డాయి.

"ఇగ నీకు నాతోని పనిలేదు బిడ్డా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

"రెండు వారాల్లో మ్యాచ్ అంకుల్, రండి," అన్నాడు ప్రీతమ్, సంచి సర్దుకుంటూ, తలెత్తకుండానే.

మ్యాచ్‌లో చివరి నిమిషం. ఎదుటి జట్టువాళ్ళు ఇద్దరు మీదికొచ్చేస్తున్నారు. పాత ప్రీతమ్ అయితే ఈపాటికి బంతి ఎవరికో అంటగట్టేసేవాడు. ఈసారి ఆగాడు. తన జట్టులోని ఆండ్రూ అడుగు ఎడమకి పడింది. ఆండ్రూ ఇంకా చేరని మూలకి బంతి విసిరాడు. బంతీ, ఆండ్రూ ఒకేసారి అక్కడికి చేరారు.

గెలిచారు. ఆ రోజు ప్రీతమ్ విసిరిన ఒక్క బంతీ ఎదుటివాళ్ళకి అందలేదు.

"ఈ సీజనంతా నువ్వే!" అన్నాడు జావెద్, గట్టిగా కౌగిలించుకుని.

ప్రీతమ్ కళ్ళు జనంలో వెతికాయి. పెద్దాయన లేడు. ఎవరినైనా అడుగుదామంటే పేరు తెలియదు. ఇన్ని శుక్రవారాలు ఆయన్ని ఎండలో పరిగెత్తించాడు, ఒక్కసారీ పేరు అడగలేదు. అంత సంతోషంలోనూ చచ్చేంత సిగ్గేసింది.

ఇంటికెళ్ళేసరికి నర్సుగా పనిచేసే తల్లి బ్యూలా, హాస్పిటల్ డ్యూటీ దిగి వచ్చింది. బంతి విసిరేటప్పుడు తన చెయ్యి ఎలా తిరుగుతోందో చూసుకోడానికి ప్రీతమ్ తీసుకున్న, పెద్దాయన కూడా పడిన వీడియో ఒకటి ఫోన్‌లో ఉంటే ఆమెకి చూపించాడు.

"మమ్మీ, నాకు నేర్పింది ఈయనే. ఎలాగైనా వెతకాలి."

బ్యూలా ఫోన్ లాక్కుంది.

"పోచన్న! మార్చిలో నా వార్డులోనే ఉన్నాడురా, భుజం ఆపరేషన్. ఆరు నెలలు కదపొద్దని చెప్పి పంపాం. ఈయన పరిగెత్తడమేంటి?"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయిన వారమే ఊరెళ్ళిపోయాడు, ఇంక రానని. వెళ్ళేముందు వార్డుకొచ్చి, 'మీరు జెప్పిన పని అయిపోయింది సిస్టరమ్మా' అన్నాడు. ఏ పనో నాకు తట్టనే లేదు."

"నువ్వేం పని చెప్పావు?"

బ్యూలా వీడియోని మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

"పనేం చెప్పలేదు నాన్నా. పేషెంట్లందరినీ అడిగినట్టే, నీ ఫొటో చూపించి, 'మా అబ్బాయి ఆట మానేస్తానని ఏడుస్తున్నాడు, వాడి కోసం ప్రార్థన చెయ్యండి' అన్నాను. ఆయనేమో, నువ్వెక్కడ ఆడతావో అడిగి తెలుసుకుని, 'ప్రార్థన చేసుడు నాకు రాదు సిస్టరమ్మా, ఇసురుడు పట్టుడయితే వస్తది, శుక్కురారం సెలవే' అన్నాడు."