అడ్డం నిలబడ్డ మనిషి

“మళ్ళీ వచ్చేశాడు,” అంది కెరెన్ విసుగ్గా.

కంప్యూటర్ తెర మీద రెండు నల్ల బూట్లు. మడమలు ఒక పక్కకి అరిగిపోయి ఉన్నాయి. పైన నీలం ప్యాంటు అంచు. అంతకు మించి కనబడదు.

బండి ఆగిపోయింది.

కెరెన్ ఉండేది బర్మాలో, యాంగోన్ నగరంలోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు స్టేషను వెనక. బండి ఉన్నది అమెరికాలో. ఇక్కడ పొద్దున్న ఏడున్నరైతే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరు. అక్కడివాళ్ళకి వండుకునే తీరిక లేదు. భోజనం కడుపులో పెట్టుకుని, ఆరు చక్రాల బుల్లి బండి ఫుట్‌పాత్ మీద దానంతటదే ఇంటింటికీ వెళుతుంది. ఎక్కడైనా తడబడితే ఇక్కణ్ణుంచి కెరెన్ నడిపించాలి.

బండి మోకాలెత్తు. దాని కెమెరా ఇంకా కిందికి. అందుకే ఆ ఊరు కెరెన్‌కి కాళ్ళతోనే పరిచయం. ఏడాది కిందట రకరకాల కాళ్ళు ఉండేవి. కూరల కొట్టు ముందు ముసలమ్మల చెప్పులు, దర్జీ కొట్టు మెట్టు మీద ఒక పిల్లి. కొత్త కంపెనీల అద్దాల మేడలు లేచాక కొట్లు పోయాయి, చెప్పులు పోయాయి, చివరికి ఆ పిల్లి కూడా పోయింది. ఇప్పుడు అందరివీ ఒకేరకం తెల్ల బూట్లు. ఎప్పుడు చూసినా పరుగే.

ఈ నల్ల బూట్లు మాత్రం ఆ మలుపు దగ్గరే ఉంటాయి. పచ్చ దీపం పడి బండి రోడ్డు మీదికి దిగబోతే చాలు, వచ్చి ముందు నిలబడతాయి. అర నిమిషం ఆగి తప్పుకుంటాయి.

అర నిమిషం ఆలస్యమైనా కెరెన్‌కి మార్కులు తగ్గుతాయి. తొంభై కిందికి దిగితే ఉద్యోగం ఊడుతుంది. ఇప్పుడు తొంభై ఒకటి మీద ఉంది. ఇది పోతే మళ్ళీ లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో నిలబడి కుట్టుకోవాల్సిందే.

“ఏటే, ఎవులతోటి తగువు?” తండ్రి మోషే టీ గ్లాసుతో వెనక నిలబడ్డాడు. రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి.

“ఎవడో నానా. రోజూ బండికి అడ్డం పడతన్నాడు.”

మోషే వంగి చూశాడు.

“మడమలు అగుపడతన్నాయి కదే. అలగ నిలబడ్డాడంటే...”

“నానా, టైం పోతంది. నువ్వు టీ తాగు.”

మోషే టీ గ్లాసుతో పక్కకి తప్పుకున్నాడు.

కెరెన్ ఫిర్యాదు పేజీ తెరిచింది. బండికి అడ్డమేమిటో చెప్పడానికి అందులో మూడే గళ్ళు. కుక్క, సామాను, మనిషి.

‘మనిషి’ నొక్కింది. ఇది మూడోసారి.

వెంటనే సూపర్‌వైజరు కో తూరా మెసేజ్ పెట్టాడు. “మూడు అయ్యాయిగా. ఇక సెక్యూరిటీవాళ్ళు చూసుకుంటారు.”

మర్నాడు నల్ల బూట్లు లేవు. ఆ మర్నాడూ లేవు.

వారంలో మార్కులు తొంభై ఏడుకెక్కాయి. కెరెన్ సంబరపడి తండ్రికి వీధి చివరినుంచి వేడివేడి మొహింగా, చేపల పులుసులో సేమ్యా, తెచ్చిపెట్టింది.

ఎనిమిదో రోజు అదే మలుపు. పచ్చ దీపం పడింది. బండి రోడ్డు మీదికి దిగింది.

డ్రైవరు లేని కారొకటి చప్పుడు లేకుండా మలుపు తిరిగింది.

తెర మీద బొమ్మ గిర్రున తిరిగి ఆగింది. ఆ ఊరి ఆకాశాన్ని కెరెన్ చూడటం అదే మొదటిసారి.

గంటలో కో తూరా ఫోన్ చేశాడు.

“నీ తప్పేం లేదు కెరెన్, భయపడకు. ఆ మలుపులో కార్లకి బండి కనబడదట. దీపం స్తంభం మీది కెమెరా వీడియోలు పంపాను, పాతవి కూడా. చూడు.”

తండ్రీ కూతురూ చూశారు.

సన్నటి ముసలాయన. తెల్ల జుట్టు. బండికి వీపు పెట్టి రోడ్డు మీద నిలబడ్డాడు. ఒక చెయ్యి పైకెత్తి వచ్చే కార్లని ఆపుతున్నాడు. రెండో చెయ్యి వెనక్కి చాపి, బండిని ఉండమంటున్నాడు. కార్లు ఆగాక పక్కకి జరిగి, వంగి దారి చూపించాడు.

“గేటుకాడ నానూ అంతే,” అన్నాడు మోషే. “జనానికి ఈపు, రైలుకి మొకం.”

“ఆ రోజు నువ్వు సెప్పబోయింది ఇదేనా నానా?”

మోషే తలాడించాడు. కెరెన్‌కి సిగ్గుతో తల వాలిపోయింది.

“కో తూరా, ఆ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటాను,” అంది ఫోనులో.

“దానికి గడి లేదు. ఆ మూలనున్న బస్‌స్టాపులోనే పడుకునేవాడట, సెక్యూరిటీవాళ్ళు అక్కణ్ణుంచి పంపేశారు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు.”

“వెళ్ళేటప్పుడు ఏమైనా అన్నాడా?”

“ఒక్కటే అడిగాడట. ‘మరి ఈ చిన్నదాన్ని రోడ్డెవరు దాటిస్తారు?’ అని.”

కెరెన్ అడిగింది. “ఎవరాయన?”

“అక్కడ మన కంపెనీ మేడ కట్టిన చోట ఇదివరకు చిన్నపిల్లల బడి ఉండేదట. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పిల్లల్ని రోడ్డు దాటించింది ఆయనేనట.”