రెండు లైన్ల అభినందన

“రెండు లైన్లేనా, లక్ష్మీకాంతం గారూ?” హేమచంద్ర ఆమె స్క్రీన్ మీదికి వంగి చూశాడు.

‘కావ్యశ్రీ మా సంస్థలో లాయర్‌గా చేరుతున్నారు. అభినందనలు.’ అంతే ఉంది అక్కడ.

“వార్తంటే అంతేగా సార్,” అందామె.

“కొత్త ప్రింటర్ కొన్నామని పోయిన నెల నాలుగు లైన్లు రాశారు!” కెనడాలో, స్కార్‌బరోలోని ఆ లా ఫర్మ్ ఆయనదే. “మీకు తెలిసిందే కదా అని ఊరుకోకండి. లాలోకి ఎందుకొచ్చిందో ఆ అమ్మాయి నోటితోనే చెప్పించి రాయండి. మన దగ్గరికొచ్చే స్టూడెంట్లు చదివేది అలాంటివే. రేపు మీరు లీవు కదా, ఇవాళ ఐదింటికల్లా వెబ్‌సైట్‌లో పడాలి.”

ఆయన అటు వెళ్ళగానే లక్ష్మీకాంతం కీబోర్డుని విసురుగా నెట్టేసింది.

బెజవాడ కోర్టులో పదిహేడేళ్లు వాదించిన మనిషి. ఈ దేశానికొచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడ ఆమె క్లర్కు. మళ్ళీ లాయర్ కావాలంటే ఇక్కడి పరీక్షలు రాయాలి. రెండుసార్లు ఫీజు కట్టింది. ఒకసారి ఆపరేషన్ అడ్డొచ్చింది. రెండోసారి ఇంట్లో ఇంకొకరి ఎంట్రన్స్ అదే వారం వచ్చిపడింది. ఆ తర్వాత పుస్తకాలు అట్టపెట్టెలోకి పోయాయి.

ఇప్పుడు పగలంతా స్టూడెంట్ పర్మిట్ల ఫైళ్ళే. రెండేళ్లుగా ఇండియా నుంచి వచ్చే పిల్లల సంఖ్య ఎంత పెరిగిందంటే, లాబీలో కుర్చీలు చాలక గోడకి చేరబడి నిలబడుతున్నారు. నెలాఖరున ఫర్మ్ వార్తల పేజీ. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఏ కేసు గెలిచారు, అన్నీ ఆమే రాస్తుంది. ఆ పేజీలో ఆమె పేరు మాత్రం ఒక్కసారీ పడలేదు.

అయినా ఇన్నాళ్లూ ఎవరిమీదా కుళ్ళు పుట్టలేదు. ఈ పిల్ల మీదే కడుపు మండుతోంది. ఇరవయ్యారేళ్లు. రేపు పొద్దున గౌను వేసుకుని ప్రమాణం చేసేస్తే లాయర్ అయిపోతుంది. ఎవరితోనైనా చెప్పుకుని తేలికపడదామంటే, నోరు తెరిచి చెప్పుకునే అసూయ కూడా కాదిది.

పది నెలల క్రితం కావ్యశ్రీ ట్రైనీగా చేరిన రోజే లక్ష్మీకాంతం ఖరాఖండిగా చెప్పేసింది, “ఆఫీసులో వరసలు కలపొద్దు. మేడం అను చాలు,” అని. ఆ పిల్ల ఆ మాట తప్పలేదు. అదీ ఒక బుద్ధిమంతురాలి వేషంలాగే కనిపించింది లక్ష్మీకాంతానికి.

మధ్యాహ్నం లంచ్ రూంలో నోట్‌బుక్ పట్టుకుని ఆ పిల్లకి ఎదురుగా కూర్చుంది. కావ్యశ్రీ డబ్బా మూత తీసి మొహం చిట్లించింది. “అబ్బా, మళ్ళీ దొండకాయా!”

పొద్దున్నే లేచి ఒకరు వండి పెడుతుంటే ఈ వంకలకేం తక్కువ లేదు, అనుకుంది లక్ష్మీకాంతం.

“లా ఎందుకు తీసుకున్నావు?”

“వెబ్‌సైట్ కోసమా మేడం?”

“కాకపోతే నాకెందుకు?”

కావ్యశ్రీ స్పూను కింద పెట్టింది. “ఇండియాలో మా స్కూలు పక్కనే కోర్టు. సాయంత్రాలు వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒక లేడీ లాయర్ ఉండేవారు. ఆవిడ లేచి మాట్లాడుతుంటే జడ్జిగారు పెన్ను పక్కన పెట్టేసి వినేవారు. నేనూ అలా నిలబడాలనిపించింది.”

లక్ష్మీకాంతం పెన్ను ఆగింది. “ఆవిడ పేరు వెయ్యనా?”

“వద్దు మేడం. ఆవిడకి కోపమొస్తుంది.”

“ఇంకేమైనా ఉందా?”

“ఒకటి అడగనా? రేపటికి గౌను రెంట్‌కి తీసుకున్నా. మెడకి తెల్ల బ్యాండ్స్ కావాలి. మీవి ఇస్తారా?”

లక్ష్మీకాంతం మొహం మాడిపోయింది. ఆ బ్యాండ్స్ ఆమె టేబుల్ సొరుగులో, కవర్లో ఉన్నాయి. ఏటా ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ అక్కడే పెడుతుంది. ఈ దేశపు కోర్టులో తాను కట్టుకోవాలని దాచుకున్నవి. అన్నీ పట్టుకుపోయింది చాలక అవి కూడా కావాలా దీనికి?

“అవి పాతబడ్డాయి. కొత్తవి కొనుక్కో.”

“సరే మేడం.” కావ్యశ్రీ తినకుండానే మూత పెట్టేసింది.

నాలుగున్నరకి వార్త రాయడం మొదలుపెట్టింది. కోర్టు సంగతి ఎగ్గొట్టేద్దామనుకుంది. ఎగ్గొట్టినా అడిగేవాళ్ళు లేరు. రాసి చెరిపేసింది. మళ్ళీ రాసింది. ఆ కోర్టు హాలు ఆమెకి తెలుసు. పెన్ను పక్కన పెట్టే ఆ జడ్జిగారూ తెలుసు. వెనక బెంచీ వైపు మాత్రం ఆ రోజుల్లో ఎన్నడూ సరిగా చూడలేదు.

వార్త పేజీలో పడేసరికి ఐదయింది. “ఇదీ రాయడమంటే!” అన్నాడు హేమచంద్ర. ఆమె సొరుగు తెరిచి, కవరు తీసి బ్యాగులో పెట్టుకుంది.

లిఫ్ట్ దగ్గర కావ్యశ్రీ ఒక్కతే నిలబడి ఉంది.

“ఇలా తిరుగు. ఎలా కట్టుకోవాలో చూపిస్తాను.”

ఆమె చేతిలోవి చూసి కావ్యశ్రీ కళ్ళు పెద్దవయ్యాయి. “ఇవ్వనన్నారుగా మేడం?”

“మెడ నిటారుగా పెట్టు. రేపు వంకరగా కట్టుకెళ్ళావంటే నా పరువు పోతుంది.”

అసూయ పోయిందా అంటే పోలేదు. తన మెడలో ఉండాల్సినవి అవి. ఆ బాధ అలాగే ఉంది. అయినా ముడి బిగించి, చివరలు రెండూ సమంగా ఉన్నాయో లేదో చూసింది.

ఇద్దరూ లిఫ్ట్ ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. కావ్యశ్రీ మెడ తడుముకుని, ఫోన్ చూసుకుంది.

“అమ్మా, నాన్న కింద కార్లో వెయిట్ చేస్తున్నారు.”