గవర్నరుకు తెలిసిన కారణం

"మీ యేసు నిజంగా బతికినాడనేదానికి దాఖలా యాడుండాది?"

పరగోడు ప్రార్థనా మందిరం గుమ్మంలో గోవిందప్ప అరిచాడు. పంచాయతీ ఎన్నికలో ఈ మందిరానికి వచ్చేవాళ్ళ ఓట్లన్నీ దాయాది చంద్రుకే పడి, తాను ఓడిపోయానని అతని కడుపుమంట. మందిరాన్ని మూయించమని రాయించిన అర్జీ జేబులోనే ఉంది.

లోపల ప్రార్థన ముగించి చాప చుడుతున్న మార్తమ్మ తలెత్తింది. "రోము గవర్నరు ఆయప్పకు శిక్ష వేసినాడని మా మతం కానోళ్ళే రాసిపెట్టినారప్పా."

"ఏం తప్పు చేసినాడని?"

"ఏమీ లేదు. జనం ఆయప్ప వెంట పోతాండారని పెద్దోళ్ళు ఓర్వలేక పట్టిచ్చినారు. అది తెలిసీ, గలాటాకు భయపడి సిలువ వేయించినాడు గవర్నరు."

గోవిందప్ప గొంతు తగ్గింది. "ఓర్వలేకనే అని గవర్నరుకెట్ల తెలిసె?"

"మొగాల్లోనే కనపడుతుంది కదప్పా."

జేబు మీద చెయ్యి వేసుకుని, గోవిందప్ప మొహం పక్కకు తిప్పుకున్నాడు.