వెనకవైపు

"మీ మీద వచ్చిన ఫిర్యాదు ఒకటి చెప్పండి. దానికి మీరేం చేశారో కూడా చెప్పాలి," అంది పెద్ద నర్సు.

ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే ఈ ప్రశ్న రాక తప్పదని అక్కడే పనిచేస్తున్న ఓపీ మేనేజరుకు తెలుసు. పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య కూడా ఇదే అడిగింది. జవాబు విని పెదవి విరిచింది.

"తప్పే లేదంటే పొగరనుకుంటారు. పెద్ద తప్పు చెబితే ఇంటికి పంపిస్తారు. మధ్యరకంది ఒకటి చూసుకోండి," అంది, వంకాయలు ఏరమన్నంత తేలిగ్గా.

అతనూ ఏరుకునే వచ్చాడు.

"పోయిన నెల్లో ఒక పెద్దావిడ ఉత్తరం రాశారండీ. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టామట. వెనకొచ్చినవాళ్లంతా డాక్టరుకి చూపించుకుని వెళ్లిపోయారట. కౌంటర్లో అమ్మాయిని అడిగితే, పేరు మూడుసార్లు పిలిచినా ఆవిడ కదల్లేదంది. అయినా నేను మావాళ్లని వెనకేసుకు రాలేదు."

"మరేం చేశారు?" అన్నాడు డైరెక్టరు.

"స్వయంగా ఫోన్ చేశానండీ."

నిజానికి ఫోనూ లేదు, పాడూ లేదు. ఉత్తరంలో పై నాలుగు వరుసలు చూసి, 'ఫోన్‌లో మాట్లాడి సర్దిచెప్పాం' అన్న రబ్బరు ముద్ర గుద్ది ఫైల్లో పడేశాడు. దోమలన్నా, మరుగుదొడ్డన్నా, డాక్టరు కసిరాడన్నా తన గదిలో అన్నిటికీ అదే మందు. ఆ ముద్ర చేయించింది కూడా తనే. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో మొహం వేడెక్కింది.

"ఏమన్నారావిడ?" పెద్ద నర్సు కలం పక్కన పెట్టి ముందుకు వంగింది.

నిజం చెప్పేద్దామా అనిపించింది. అంతలోనే, ఫోన్ చేతిలో పట్టుకుని కబురు కోసం కూర్చున్న భార్య గుర్తొచ్చింది. నోరు దాని దారిన అది సాగిపోయింది.

"మొదట గట్టిగానే దులిపేశారండీ. నేను అడ్డు చెప్పలేదు. చివరికి 'నీ గొంతు విన్నాక మనసు కుదుటపడింది నాయనా' అన్నారు."

డైరెక్టరు బల్ల మీద చిన్నగా చరిచాడు. "అదండీ! పొద్దుట్నుంచి ఆరుగురిని అడిగాం. ఒక్కరూ ఇలా చెప్పలేదు. జనానికి కావలసింది నాలుగు మంచి మాటలే."

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. అతను తల దించుకున్నాడు.

"వినయం కూడా ఉంది," అన్నాడు డైరెక్టరు.

ఇంకా కిందికి దించుకున్నాడు. కుర్చీతో సహా నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఇంత అబద్ధం ఇంత నున్నగా తన నోట్లోంచే వచ్చిందా? వచ్చి, ఇప్పుడు గది మధ్యలో కాలు మీద కాలు వేసుకు కూర్చుంది.

పెద్ద నర్సు నవ్వలేదు. ముందున్న ఫిర్యాదుల ఫైలు తిరగేసి ఒక కాగితం బయటికి తీసింది. నీలం ముద్ర ఇక్కడికే కనిపిస్తోంది.

"ఇదేనా ఆ ఉత్తరం?"

"అదేనండీ."

"వెనకవైపు కూడా చదివారా?"

దానికి వెనకవైపు ఒకటుందని అతనికి అప్పుడే తెలిసింది.

"చదివా... చదివానండీ."

"అయితే మీరే కాస్త పైకి చదవండి. మీ గొంతు అంత బాగుందన్నారుగా ఆవిడ, డైరెక్టరు గారు కూడా వింటారు."

కాగితం అందుకుని తిప్పాడు. గుండ్రటి అక్షరాలతో మూడే మూడు వరుసలు. ముందు కళ్లతో చదువుకున్నాడు. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఇక తప్పదని పైకి చదివాడు.

"నాకు పదేళ్లుగా రెండు చెవులూ బొత్తిగా వినపడవు, పేరు పెట్టి పిలిస్తే తెలియదు. దయచేసి ఫోన్ చెయ్యకండి బాబూ, జవాబేదైనా కాగితం మీద రాసి పంపండి."