రెండు వైపులా

"మళ్లీ చూస్తున్నావేంది హన్నమ్మక్కా? బాగుండాదని ఇప్పుడే గదా తేలింది!"

సుజన గొంతులో విసుగు దాగలేదు. హన్నమ్మ తలెత్తలేదు. మూరెడు పొడవున్న పింగాణీ ఇన్సులేటర్‌ను మెల్లగా పక్కకు తిప్పి, జెల్లు రాసి, ప్రోబు ఆనించింది.

ఆత్మకూరు దాటాక ఉదయగిరి రోడ్డు పక్కనున్న ఆ ఫ్యాక్టరీకి సుజన నాణ్యత చూసే ఇన్‌ఛార్జిగా వచ్చి నెలయింది. కరెంటు స్తంభాల మీద తీగల్ని మోసే ఇన్సులేటర్లు అక్కడ తయారవుతాయి. ప్రతిదాన్నీ చెవికి వినపడని శబ్దంతో పరీక్షించాకే బయటికి పంపుతారు. ఆ శబ్దాన్ని పంపే ప్రోబు ఆనించగానే తెర మీద రెండు గీతలు లేస్తాయి. శబ్దం లోపలికి పోయినప్పుడు ఒకటి, అవతలి అంచుకు తగిలి తిరిగొచ్చినప్పుడు ఒకటి. వాటి నడుమ మూడోది లేచిందంటే లోపల పగులున్నట్టే.

మిగతావాళ్లు పూటకు నూటిరవై చూస్తుంటే హన్నమ్మ డెబ్భై దాటదు. "ఆమెను సాయంత్రానికల్లా ప్యాకింగుకు మార్చు" అని నాలుగు రోజులుగా అంటున్న మేనేజరు చంద్రమోహన్ ఈ పొద్దున్నే సుజనకు తేల్చి చెప్పాడు.

"అక్కా, నేను చెప్పేది వినపడతా ఉండాదా? ఒక్కసారి చూస్తే చాలు..."

"ఇట్ల రండి మేడమ్. తెర చూడండి."

రెండు గీతల నడుమ మూడోది సన్నగా, ముల్లులా నిలబడి ఉంది.

సుజన వంగి చూసింది. "ఇందాక లేదే!"

"ఇందాక పగులు శబ్దం పోయే దారి వెంబడే ఉండాది. కనపడలా. పక్కకు తిప్పితే అడ్డం పడింది." హన్నమ్మ దాని మీద ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తు పెట్టింది. "ఎప్పుడో ఒకటి ఇట్లాటిది దొరకతాది మేడమ్. స్తంభం ఎక్కేది మనిషి గదా."

సుజన స్టూలు లాక్కుని కూర్చుంది. విసుగంతా ఎటు పోయిందో. "ఈ మాట ముందే చెప్పొచ్చు గదక్కా?"

"చెప్తే, నీకెందుకంత పట్టింపని అడగతారు."

"ఎందుకు?"

హన్నమ్మ చేతికంటిన జెల్లును గుడ్డతో తుడుచుకుంది. వేళ్లు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉంది.

"మా ఆయన లైన్‌మన్‌గా చేసేవాడు. ఏడేండ్ల కిందట అనంతసాగరం కాడ స్తంభమెక్కి తీగ లాగతా ఉంటే ఇన్సులేటరు విరిగింది. తీగ తగిలి కింద పడినాడు. ప్రాణం దక్కింది గానీ కాలు పోయింది."

"అయ్యో! అందుకా అక్కా..."

"అందుకు కాదు మేడమ్. ఆ ముక్కల్ని కరెంటోళ్లు గోతంలో వేసి ఇక్కడికే పంపినారు. అప్పట్లో ఈ మిషను లేదు. కొయ్య సుత్తితో కొట్టి, మోత విని, బాగుంటే అడుగున మా నంబరు వేసేవాళ్లం. ఒక పొద్దు నాకు జొరం. కొన్నిటికి కొట్టకుండానే నంబరేసినాను." ఆమె గుడ్డను మడిచి పక్కన పెట్టింది. "గోతంలో ముక్క మీద ఉండేది నా నంబరే."

సుజన స్టూలు దగ్గరికి జరుపుకుని అడిగింది. "ఆయనకు తెలుసా?"

"తెలీదు. దేవుని కాడ ఒప్పుకున్నాను. ఆయన కాడ నోరు పెగలడం లేదు. మీరు చెప్పబాకండి మేడమ్."

సుజన పగులు దొరికిన ఆ ఇన్సులేటర్‌ను ట్రాలీలో పెట్టించి మేనేజరు గదికి తీసుకెళ్లింది. చంద్రమోహన్ మొదట కసిరాడు. "ఆర్డరు పంపేదెప్పుడు, మీరు చూసేదెప్పుడు?" అన్నాడు. సుజన వాదించలేదు. మిషను తెప్పించి, ఒక వైపు ఒకసారి, పక్కకు తిప్పి ఇంకోసారి చూపించింది. ఆయన తనే దాన్ని ఇంకోసారి తిప్పి చూశాడు. రేపటి నుంచి అందరూ రెండు వైపులా చూడాలని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. హన్నమ్మను మిషను దగ్గరే ఉంచమన్నాడు.

మధ్యాహ్నం సైరన్ మోగేసరికి గేటు బయట మూడు చక్రాల బండి ఆగింది. బండి మీద హన్నమ్మ భర్త వరప్రసాదం, ఒళ్లో క్యారియరు. హన్నమ్మను మార్చడం లేదన్న కబురు తానే చెప్పాలనిపించి సుజన గబగబా వెళ్లింది.

"మీరు హన్నమ్మక్క వాళ్లాయన గదా? రోజూ మీరే తెస్తారా?"

"నేను లేచి తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచీ నేనేనమ్మా. ఉడుకుడుకుగా తింటాదని. ఈ పొద్దు సోమశిల చేప." ఆయన నవ్వి, అంతలోనే దిగులుపడ్డాడు. "ఆమెను మిషను కాడ నుంచి తీసేస్తారంట గదా? నాల్రోజులుగా ముద్ద దిగడం లేదు ఆమెకు."

"తీసేయడం లేదు. ఇకమీద అందరూ ఆమె చూసినట్టే చూడాల."

వరప్రసాదం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సుజన సిగ్గుపడి ఆ చేతులు పట్టుకుంది.

"మంచి పని చేసినావు తల్లీ. ఆ మిషను కాడుంటేనే ఆమె మనసు నెమ్మదిగా ఉంటాది."

సుజన గతుక్కుమంది. తడబడకుండా, "ఎందుకట్లా?" అంది.

దూరంగా షెడ్డులోంచి హన్నమ్మ చేతులు కడుక్కుని వస్తోంది. ఆయన ఆమె వంక చూసి, గొంతు తగ్గించాడు.

"నీతో ఒక మాట చెప్తాను. ఆమెతో మాత్రం అనబాకమ్మా. అంటే నా ముందర తలెత్తుకోలేదు."

"చెప్పండి. అనను."

"అంబులెన్సు వచ్చేదాకా స్తంభం కిందే పడుండాను. విరిగిన ఇన్సులేటరు ముక్క నా మొహం పక్కనే ఉండె." ఆయన ఒళ్లోని క్యారియరు వేడిగా ఉందో లేదో అరచేత్తో తాకి చూసుకున్నాడు.

"దాని అడుగున మా హన్నమ్మ నంబరు నేనప్పుడే చూసినాను."