వెనక సీటు బరువు

"కొత్త స్ప్రింగులు వేయించినప్పటి నుంచి, మలుపు తిప్పితే చాలు, కారు వెనక భాగం పక్కకి జారిపోతోందయ్యా," అన్నాడు పెద్దాయన.

మెకానిక్ టైర్లు, బోల్టులు అన్నీ చూశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చివరికి పెద్దాయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, డిక్కీలో రెండు ఇసుక బస్తాలు వేసి, వీధి చివర మలుపు తిప్పాడు. కారు బుద్ధిగా తిరిగింది.

"ఇవి బరువుకి వేసే స్ప్రింగులు బాబాయ్. ఖాళీ బండికి ఇంత గట్టివి ఎవరు వెయ్యమన్నారు?"

"నేనే. మీ పిన్నినీ, ఆవిడ చక్రాల కుర్చీనీ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుందామని."

"ఇంకేం, తెచ్చేసుకోండి. పిన్ని ఎక్కితే బండి దానంతటదే దారికొస్తుంది."

షెడ్డు వచ్చినా పెద్దాయన వెనక సీట్లోంచి దిగలేదు.

"కుర్చీ ఒక్కటే ఇచ్చి పంపారయ్యా," అన్నాడు.